ఉత్తచేతులతో దిగిన బాంబరు

తేనెమైనం కొనడానికి దుంగాడ సంతకు వెళ్ళిన అరుంధతి మైనం ధర అడగడం మరిచిపోయి, మైనపు ముద్దలు పెట్టిన పళ్ళెం వంక కళ్ళప్పగించి నిలబడిపోయింది. మసిబారిన అల్యూమినియం పళ్ళెం. అంచు వెంబడి వరసగా రివిట్లు. గోటితో మసి గీకితే కింద ముదురాకుపచ్చ రంగు, ఆ రంగు మీద అరిగిపోయిన తెల్లటి అంకెలు. అది పళ్ళెం కాదు. యుద్ధకాలపు బాంబరు విమానం పొట్టకు వేసిన తొడుగు.

అరుంధతి వైమానిక దళంలో ఇంజనీరుగా చేసి రిటైరైన మనిషి. యాభై దాటాయి. నోరు దురుసు. మనుషుల కంటే యంత్రాలు నయమని ఆవిడ గట్టి నమ్మకం. ఆ నమ్మకం తప్పని ఇంతవరకు ఏ మనిషీ రుజువు చెయ్యలేదు. సముద్రపు ఒడ్డున పెదగంట్లం దగ్గర రెండో ప్రపంచ యుద్ధంలో వేసి వదిలేసిన రన్‌వే ఒకటుంది. దాని పక్కన రేకుల షెడ్డులో, గబ్బిలాల పెంట కింద, తెల్లవాళ్ళు వదిలిపోయిన రెండింజన్ల బాంబరు ఏళ్ళ తరబడి పడి ఉంది. దాన్ని మళ్ళీ ఎగిరించాలని ఆవిడ పంతం. తుప్పు గీకింది. కుళ్ళిన గొట్టాలు మార్చింది. ఇంజన్లు రెండూ విప్పి మళ్ళీ బిగించింది. తోకకు కొత్త గుడ్డ కట్టి, మైనం రాసిన దారంతో తనే కూర్చుని కుట్టుకుంటూ వచ్చింది. ఆ దారం కోసమే ఈ మైనం.

అన్నీ అమరాయి గాని ఒక్క వస్తువు లేదు. ఎడమ ప్రొపెల్లరు రెక్కల వాలును మారుస్తూ దాని వేగాన్ని అదుపులో పెట్టే గవర్నరు. చూడ్డానికి చెంబంత ఉంటుంది. అది లేని ప్రొపెల్లరు పగ్గం తెంచుకున్న ఎద్దుతో సమానం. గాలిలోకి లేచిన కాసేపటికే ఇంజనును బద్దలు చేసి ఊరుకుంటుంది. ఆ గవర్నరు కోసం అరుంధతి దేశదేశాల వాళ్ళను అడిగింది. ఎక్కడా లేదన్నారు.

లేకపోతే ఏమవుతుంది? హోటలవుతుంది. ఆ నేలా షెడ్డూ విమానమూ అన్నీ కలిపి కొనుక్కున్న పెద్దమనిషి పేరు ఈదర పరంజ్యోతి. రొయ్యల చెరువుల మీద మేడలు లేపినవాడు. తన షష్టిపూర్తి నాటికి విమానం ఎగిరితే సరే, లేదంటే రెక్కలు కోయించి హైవే పక్కకు ఈడ్పించి 'బాంబర్ బిర్యానీ' పెడతానని ఆయన అరుంధతితో నవ్వుతూనే చెప్పాడు. బోర్డు కూడా రాయించి షెడ్డు గోడకే ఆనించాడు. పైలట్లు కూర్చునే చోట ఏసీ ఫ్యామిలీ సెక్షను, బాంబులు వేలాడే చోట చేతులు కడుక్కునే సింకులు. ఆ బోర్డు పక్కనే కూర్చుని అరుంధతి రోజూ తోక కుట్టేది. ఆ బాంబరు ఎగరకపోతే తను బతికిన బతుక్కి అర్థం లేదని ఆవిడకు నిశ్చయంగా తెలుసు.

"నీకు మైనం కావాలా, పల్లెం కావాలా?" అంది మైనం అమ్మే ఆవిడ విసుగ్గా. పేరు పాంగి సొంబరి. కిటలపుట్టు అనే కొండ ఊరు ఆమెది. చెవులకు వరసగా పోగులు, నోట్లో అడ్డచుట్ట.

"ఇది ఎక్కడిది?"

"మా తాత తెచ్చినాడు. గొడ్డళ్ళ కొండకి ఇమానం గుద్దుకున్నాది, ఆయన కుర్రకాలంలో. దొరలు గొడుగులు కట్టుకుని సెట్ల మీద పడ్డారు. మా తాతే దింపి, బుజాల మీద మోసుకుని రోడ్డు దాకా దిగబెట్టినాడు. ఆల్లు ఏటిచ్చినారో తెల్సా? ఒక ఈల. ఊదుకోమని." సొంబరి చుట్ట తీసి పక్కకు ఉమ్మింది. "ఆ ఈల కూడా మోగదు."

"విమానం ఇంకా ఉందా?"

"సగం ఉంది, తేనెగుహలో. రేకులు మాం తెచ్చుకున్నాం. ఇనుం ఎవుడికి కావాల?"

అరుంధతికి ఇనుమే కావాలి. ఇంజను ముందు చెంబంత ఇనుము.

తీసుకెళ్తానని సొంబరి ఒప్పుకుంది, కాని రెండు మాటలు ముందే చెప్పింది. "గుహ మీద పెద్దతేనె పట్లున్నాయి. అక్కడ పొగ కూడదు, వాసన కూడదు, అరుపు కూడదు. రొండోది, ఇది ఇటుకల పండగ. మా మగోల్లు రోజూ వేటకెల్తారు. ఈ పండగలో అడివికెల్లిన మగోడు ఒట్టిసేతుల్తో దిగినాడంటే మా ఆడోల్లం పేడనీల్లు కొడతాం. ఊరోడైనా, పైవోడైనా అదే."

"నేను మగాణ్ణి కాదుగా," అంది అరుంధతి.

"నీకేం బయం లేదు ఇంజనమ్మా. నీ యెనకాల ఎవులొస్తారో ఆల్లకి సెప్పు."

వెనకాల ఎవరూ రాకుండా ఉంటే ఈ కథ ఇక్కడితోనే అయిపోయేది. అరుంధతి బుద్ధి గడ్డి తిని, కొండ ఎక్కే జీపు కావాలని పరంజ్యోతికి ఫోను చేసింది.

పడిపోయిన విమానం అనగానే పరంజ్యోతి చెవులు నిక్కబొడుచుకున్నాయి. ఆయన ఏ పని చేసినా వెంట లంబోదర సిద్ధాంతి ఉండాలి. చెరువుకు గట్టు ఎటు వెయ్యాలో, కారు ఏ రంగుదో, మంచం ఏ మూలకో, అన్నీ సిద్ధాంతి చెప్పాల్సిందే. సిద్ధాంతి తమలపాకు మీద అంజనం వేసి, కళ్ళు చికిలించి చూసి, "పెట్టె, పరంజ్యోతి గారూ! ఇనప కట్ల పెట్టె! లోపల ధగధగ!" అన్నాడట. యుద్ధకాలం, సైన్యపు విమానం, పెట్టె. ఇంకేముంది? సిపాయిల జీతాల వెండి రూపాయలేనని ఇద్దరూ కూడబలుక్కున్నారు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం.

మర్నాడు పొద్దున్నే కిటలపుట్టు కింద రోడ్డుకు అడ్డంగా దుంగ. దుంగ వెనక ఆడవాళ్ళు చేతులు పట్టుకుని పాడుతున్నారు. పండుగ మామూలు ఇస్తే గాని దుంగ తియ్యరు. పరంజ్యోతి జీపు దిగాడు. తల మీద గుండ్రటి టోపీ, కాళ్ళకు కొత్త బూట్లు, మెడలో బైనాక్యులర్లు. ఆయన సాహసాన్ని లోకానికి చూపించడానికి పెళ్ళిళ్ళకు వీడియోలు తీసే మనిషి ఒకడు కూడా వచ్చాడు గాని, కొండ నిటారు చూసి, 'దిగేటప్పుడు తీస్తానండి' అని జీపు దగ్గరే కూలబడ్డాడు. వచ్చిన వాళ్ళలో బుద్ధిమంతుడు వాడొక్కడే.

"ఇదిగోనమ్మా, పండక్కి," అని పరంజ్యోతి నోట్లు విసిరి, దుంగ పక్కనున్న బానలో ఏముందోనని తొంగి చూసి ముక్కు మూసుకున్నాడు. "ఛీ ఛీ, పేడండీ ఇది!"

"నీ కోసమే కలిపినాం సావుకారూ, ఒట్టిసేతుల్తో దిగితే కొడతాం," అంది సొంబరి. ఆడవాళ్ళు కిలకిల నవ్వారు. పరంజ్యోతి కూడా నవ్వాడు. హాస్యమనుకున్నాడు.

దారి గెడ్డ నీళ్ళ వెంట మొదలై, వెదురు పొదల్లో దూరి, ఆ పైన రాళ్ళ మీదికి ఎగబాకింది. సొంబరి ముందు, ఆ వెనక అరుంధతి, భుజాన పనిముట్ల సంచితో, ఎక్కడో వెనకాల ఎగరొప్పుతూ మగధీరులిద్దరూ. సిద్ధాంతి ప్రతి మలుపులోనూ ఆగి దిక్సూచి తీసేవాడు. "ఇది ఆగ్నేయం. ఆగ్నేయంగా నడిస్తే అగ్నిభయం."

"నడవకపోతే ఎలుగుబంటి బయం," అని సొంబరి వెనక్కి తిరగకుండానే అనేది. సిద్ధాంతి వెంటనే ఆగ్నేయంగా పరుగెత్తేవాడు.

అరుంధతికి వాళ్ళ మీద కోపం కూడా రాలేదు. కోపానికైనా ఒక స్థాయి ఉండాలి. ఆవిడ మనసంతా ఆ చెంబంత ఇనుము మీదే ఉంది. ఎనభై ఏళ్ళ వానలు, ఎండలు, ఉడుములు, పందికొక్కులు. గవర్నరు బతికి ఉంటుందా? అడుగడుక్కీ అదే ప్రశ్న.

ఎండ నడినెత్తికి రాకముందే గుహ చేరారు. కొండ చరియ నోరు తెరుచుకుని ఉంది. ఆ నోటి పై పెదవికి చేటలంతేసి తేనెపట్లు నల్లగా వేలాడుతున్నాయి. వాటి మీద తేనెటీగలు కదిలినప్పుడల్లా పట్టంతా ఒకసారి జలదరిస్తోంది. సొంబరి నోటి మీద వేలు పెట్టి, చుట్టను రాతి మీద నలిపేసి, వంగి లోపలికి నడిచింది.

లోపల విమానం ఉంది.

ముక్కు భాగం చరియకు గుద్దుకుని, జారి, గుహలోకి దూరి ఇరుక్కుంది. తొడుగంతా ఊడబెరుక్కుపోగా పక్కటెముకలు మిగిలాయి. ఎడమ ఇంజను ఒక బండకు ఆనుకుని పడి ఉంది. ప్రొపెల్లరు రెక్కలు అరటాకుల్లా వెనక్కి మడుచుకుపోయాయి. అరుంధతి ఆ ఇంజను ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. షెడ్డులో పడి ఉన్న తన బాంబరుకు ఇది తోబుట్టువు. చెయ్యి వేసి నిమిరింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మనుషులెవరి కోసమూ ఆవిడ ఇలా ఏడ్చి ఎరగదు.

టార్చి నోట కరుచుకుని, మట్టి గోకి, గవర్నరును కనిపెట్టింది. ఉంది! నట్ల మీద నూనె పోసి, రెంచి తగిలించి, బిర్రబిగుసుకున్న మొదటి నట్టును ప్రాణాలన్నీ చేతుల్లోకి తెచ్చుకుని తిప్పింది. కదిలింది. రెండోది కూడా కదిలింది.

ఇంతలో గుహ లోపలి మూల నుంచి, "దొరికిందండోయ్!" అని కేక.

"అరవకు!" అంది సొంబరి గొంతు నొక్కిపట్టి.

పరంజ్యోతికి పెట్టె దొరికింది. నిజంగానే ఇనప కట్లు. పైన సైన్యపు అక్షరాలు. పట్టుకుంటే బరువు. సిద్ధాంతి అంజనంలో ఏం చూశాడో గాని, ఇద్దరూ ఒకరినొకరు కౌగిలించుకున్నారు. తాళం ఊడదీయడానికి రాయెత్తిన పరంజ్యోతి చేతిని సిద్ధాంతి టక్కున పట్టుకున్నాడు. "అభిజిత్ ముహూర్తం నడుస్తోంది. పూజ చెయ్యకుండా నిధి మీద చెయ్యేస్తే రక్తం కక్కుకుంటారు."

"అవునండోయ్. కొబ్బరికాయ కొట్టకుండా నేను చెరువు మోటారు కూడా ముట్టుకోనండీ."

ఆయన మాట అబద్ధం కాదు. మోటారు కొన్నా, లారీ కొన్నా, చివరికి మిక్సీ కొన్నా ఆయన ఇంట్లో పసుపు, కుంకుమ, కొబ్బరికాయ, సాంబ్రాణి పడాల్సిందే. సాంబ్రాణి లేకుండా ఏ యంత్రమూ తిరగదని ఆయన నమ్మకం. అరుంధతి నట్ల మీద తలవంచుకుని ఉంది. సొంబరి ఆమె నోట్లోని టార్చి అందుకుని పక్కనే ఉంది. సిద్ధాంతి సంచిలోంచి ధూపపాత్ర, బొగ్గులు, గుగ్గిలం బయటకు తీయడం ఇద్దరిలో ఎవరూ చూడలేదు. కొబ్బరికాయ ఫట్టున పగిలిన చప్పుడుకు తలెత్తారు. అప్పటికే తెల్లటి పొగ గుహ కప్పు పట్టుకుని, పాము పాకినట్టు, నోటి వైపు సాగిపోతోంది.

"పొగ! ఓరి మీ జిమ్మడ! పొగెట్టేసినారు!" సొంబరి గొంతులో మొదటిసారి భయం పలికింది.

ముందు ఒక హోరు. దూరాన రైలు వంతెన మీద పోతున్నట్టు. తరవాత గుహ నోట్లో వెలుతురు మసకబారింది. తేనెటీగలు దండుగా లోపలికి దిగుతున్నాయి.

"నీల్లలోకి! ఎనక్కి! ఎనక నీల్లదారుంది!" సొంబరి కొంగు తల మీదికి లాక్కుని అరిచింది. "ఇంజనమ్మా, రా!"

"ఒక్క నట్టు! ఒక్కటే ఉంది!"

"సస్తావు!"

"చావనీ!" అంది అరుంధతి. ఉత్తమాట కాదది. చేతుల మీద, మెడ మీద నిప్పురవ్వలు పడినట్టు కుట్టేస్తున్నా రెంచి వదల్లేదు. ఆఖరి నట్టు కిర్రుమని తిరిగింది. గవర్నరు ఊడి ఒళ్ళో పడింది. టార్చి వెలుతుర్లో దాన్ని తిప్పి చూసుకుంది. అడుగున, కొండకు గుద్దుకున్న వైపున, అది నిలువునా బీటలు వారి ఉంది. వేలు పెడితే దూరేంత బీట. పుచ్చిపోయిన వెలక్కాయకూ దానికీ తేడా లేదు.

అరుంధతి అక్కడే చతికిలబడింది. ఇక లేవాలన్న కోరిక కూడా ఆమెలో లేదు. సొంబరి ఒక చేత్తో ఆమె జుట్టు, ఇంకో చేత్తో సంచి పట్టుకుని గుహ లోపలికి ఈడ్చింది.

వెనక దారి సొరంగం. నడుంలోతు చల్లటి నీళ్ళు, పైన మనిషి తల పట్టేంత జాగా. అక్కడికొచ్చి సిద్ధాంతి ఆగిపోయాడు. దిక్సూచి చూశాడు. "ఇది నైరుతి! నైరుతి ద్వారంలోంచి పోతే వంశనాశనం! నేను రాను!"

సరిగ్గా అప్పుడే ఒక తేనెటీగ ఆయన ముక్కు కొస మీద వాలింది. వంశం సంగతి మళ్ళీ ఎత్తకుండా సిద్ధాంతి నైరుతిలోకి తలకిందులుగా దూకాడు. పొట్ట దగ్గర ఇరుక్కున్నాడు. వెనక నుంచి పరంజ్యోతి పెట్టెతో గుద్ది గుద్ది ఆయన్ని అవతలికి తోశాడు. అవును, పెట్టెతోనే. ముఖమంతా బూరెలా ఉబ్బి ఒక కన్ను మూసుకుపోయినా ఆ మహానుభావుడు పెట్టె వదల్లేదు. టోపీ పోయింది, బైనాక్యులర్లు పోయాయి, ఒక బూటు పోయింది. "పెట్టె! నా పెట్టె!" అని నీళ్ళు తాగుతూ, కక్కుతూ, సొరంగమంతా దాన్ని తోసుకుంటూ, ఈడ్చుకుంటూ వచ్చాడు. లోభానికున్న బలం ఏనుగుకు కూడా ఉండదు.

సొరంగం అవతల గెడ్డ, కొండ మీంచి పల్చటి ధారగా లోయలోకి పడుతోంది. ధార కింద ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. హోరు తగ్గింది. ఒక్కొక్కరే బండ మీదికి ఎక్కి చచ్చినట్టు పడ్డారు. అరుంధతి చేతులు రొట్టెల్లా వాచిపోయాయి. వేళ్ళు ముడవడం లేదు. నొప్పి ఆవిడకు పట్టలేదు. షెడ్డు గోడకు ఆనించిన ఆ బోర్డే కళ్ళ ముందు కనిపిస్తోంది.

పరంజ్యోతి రాయి తీసుకుని తాళం బద్దలు కొట్టాడు. మూత ఎత్తాడు. లోపల తగరపు రేకు, చించాడు. మైనం రాసిన కాన్వాసు గుడ్డ, చింపేశాడు. దాని కింద గ్రీజు. గోధుమరంగు గ్రీజులో మునిగిన ఇనప ముద్దలు.

"వెండేదండీ?"

సిద్ధాంతి వాచిన ముక్కుతో తొంగి చూశాడు. "గ్రహస్థితి... కొంచెం..."

"వెండేదయ్యా?" పరంజ్యోతి గొంతు చీరుకుపోయింది. ఒక ముద్ద తీసి లోయలోకి విసిరాడు. అది రాళ్ళ మీద టంగుమని మోగి, మోగి, ఆగిపోయింది. "ఇనుమంట, ఇనుము! కొండను తవ్వి ఎలకను పట్టినట్టు..." రెండోది తీశాడు. విసిరాడు. మూడోది తీశాడు.

అరుంధతి తలెత్తింది.

ఆయన చేతిలో, గ్రీజు కారుతూ, చెంబంత గవర్నరు ఉంది. బీట లేదు, మచ్చ లేదు. యుద్ధంలో ఒక స్థావరం నుంచి ఇంకో స్థావరానికి మారే బాంబరు తన విడిభాగాలు తనే మోసుకుపోయేది. ఆ పెట్టె అదే.

"ఆగండి! అది గవర్నరు! అదే కావాలి నాకు!" ఆవిడ లేచింది. చేతులు చాపింది గాని, ఆ వాచిన చేతులు పూచికపుల్లను కూడా పట్టుకునే స్థితిలో లేవు. "పరంజ్యోతి గారూ, మీ విమానం ఎగురుతుందండీ! ఇచ్చెయ్యండి!"

"ఎగరక్కర్లేదు మేడమ్ గారండీ. హోటలే బెస్టు. బిర్యానీకి గవర్నరు అక్కర్లేదండీ." ఆయన చెయ్యెత్తాడు. గాడిదకేం తెలుసు గంధపు వాసన!

అప్పుడు కింద లోయలోంచి డప్పులు వినిపించాయి. వేట నుంచి మగవాళ్ళు ఊరికి తిరిగివస్తున్నారు. డప్పు వెంట ఆడవాళ్ళ పాట, నవ్వులు, ఎవడో ఉత్తచేతులవాడి మీద పడ్డ కేకలు. అరుంధతి బతిమాలడం మానేసింది. బతిమాలడం ఆవిడకు మొదటి నుంచీ రాదు. వచ్చేది వెటకారం ఒక్కటే.

"విసిరెయ్యండి," అంది నెమ్మదిగా. "పెట్టె కూడా తోసెయ్యండి. బరువు తగ్గుతుంది. ఉత్తచేతులతో హాయిగా దిగొచ్చు. కింద బాన దగ్గర మీ వీడియో అతను కూడా రెడీగా ఉన్నాడు."

ఎత్తిన చెయ్యి అలాగే ఆగింది.

"పేడ... నిజంగానే కొడతారంటారా?"

"సొంత మొగుడ్నే కొట్టినాను పోయినేడు," అంది సొంబరి. "నువ్వెంత?"

పరంజ్యోతి కాసేపు లోయ వంక చూశాడు, కాసేపు చేతిలో ముద్ద వంక చూశాడు. ఈదర పరంజ్యోతి! జిల్లాలో ప్రతి కూడలిలోనూ ఫ్లెక్సీ ఉన్న మనిషి! ముద్దను తిరిగి పెట్టెలో పెట్టాడు. మూత వేశాడు. పెట్టెను తలకెత్తుకున్నాడు. గ్రీజు చెవుల వెంట కారుతుండగా, ఒంటి బూటుతో, గొడ్డళ్ళ కొండ మొత్తం దిగాడు. సిద్ధాంతిని ముట్టుకోనివ్వలేదు, సాయం పట్టనివ్వలేదు. వేట ఆయనది గదా! వెనక నడుస్తున్న అరుంధతి ఆ పెట్టె మీంచి చూపు తిప్పలేదు. ఆయన కాలు జారినప్పుడల్లా ఆవిడ ప్రాణం గొంతులోకి వచ్చింది. ఆయన కోసం మాత్రం కాదు.

దుంగ దగ్గర ఆడవాళ్ళంతా బారులు తీరి ఉన్నారు. కొండ వెనక దారిన ముందే దిగిపోయిన సొంబరి బాన పక్కన నిలబడి ఉంది. వీడియో తీసే అతను కెమెరా ఎత్తాడు. పరంజ్యోతి పెట్టెను దభీమని దింపి, దాని మీద కాలు పెట్టి, ఛాతీ విరిచాడు.

"ఏటి కొట్టినావు సావుకారూ?"

"యంత్రం. పాతకాలపు యంత్రం."

"కూరొండుకుంటే ఉడుకుతాదా?"

"ఇనుమమ్మా అది!"

"ఊరందరికీ పంచడానికొస్తాదా?"

"ఎలా వస్తుంది?"

సొంబరి ఆడవాళ్ళ వైపు తిరిగింది. "ఇన్నారు గదే?"

విన్నారు. బాన ఖాళీ అయ్యేదాకా కొట్టారు. సిద్ధాంతి జీపు కింద దూరాడు; అక్కడికీ చెంబు పట్టుకుని వెళ్ళి కొట్టారు. ఆ అల్లరిలో అరుంధతి పెట్టె మీద బోర్లా పడుకుని, వాచిన చేతులతో దాన్ని కావలించుకుంది. ఆవిడ మీద ఒక్క చుక్క పడలేదు. పెట్టె మీదా పడలేదు.

ఆ వీడియో సాయంత్రానికల్లా జిల్లా అంతా తిరిగింది. పేడ కారుతున్న పరంజ్యోతిని చూసి చెరువుల మీది కూలీల నుంచి బ్యాంకు మేనేజర్ల దాకా నవ్వనివాడు లేడు. ఇక హోటలు పెడితే అందులో మొదటి వంటకం పేరేమిటో ప్రతివాడూ చెప్పగలడు. ఈ నోళ్ళు మూతపడాలంటే విమానం ఎగరాల్సిందే. "నేను కొండెక్కి, ప్రాణాలకు తెగించి, నా తల మీద మోసుకొచ్చిన యంత్రంతో..." అని ఆయన పేపర్లవాళ్ళకు చెప్పుకోవడం మొదలుపెట్టాడు. అరుంధతి కాదనలేదు. చేతుల వాపు దిగగానే గవర్నరును కిరసనాయిల్‌తో కడిగి, విప్పి, చూసి, బిగించి, ఎడమ ఇంజనుకు ఎక్కించింది. ఒక ఇనప ముద్ద ముందు అంతసేపు నవ్వుతూ కూర్చున్న మనిషిని షెడ్డు కాపలావాడు అంతకు ముందు చూడలేదు.

ఎగిరే రోజు వచ్చింది. విమానం ముక్కు మీద పరంజ్యోతి తన నిలువెత్తు బొమ్మ వేయించుకున్నాడు. కాని ఎక్కే సమయానికి ఆయన రాశికి ఆ ఘడియ బాగోలేదని సిద్ధాంతి తేల్చాడు. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగురుతానందట. సరే, ఎక్కకపోతే పోయె, కనీసం పూజైనా అంటూ సిద్ధాంతి గుమ్మడికాయ, ధూపపాత్ర పట్టుకుని ఎడమ ఇంజను దగ్గరికి నడిచాడు. అక్కడ అరుంధతి నిలబడి ఉంది. కాళ్ళ దగ్గర ఒక బకెట్టు. సిద్ధాంతి బకెట్టులోకి చూశాడు. పేడ వాసన తగిలింది. ధూపపాత్రను వీపు వెనక దాచుకుని, అడుగులో అడుగేసుకుంటూ వెనక్కి వెళ్ళిపోయాడు.

రిటైరైన పైలట్లు ఇద్దరు ముందు కూర్చున్నారు. అరుంధతి వాళ్ళ వెనక కూర్చుని ఎడమ ఇంజను వేగం చూపే ముల్లు మీద కళ్ళు పెట్టింది. ఇంజన్లు దగ్గాయి, నల్లపొగ కక్కాయి, గర్జించాయి. రన్‌వే గతుకులు ఒక్కొక్కటీ వెన్నులో తగిలాయి. తరవాత తగలడం మానేశాయి. కిటికీలో సరుగుడు తోటలు కిందికి జారిపోయాయి. ముల్లు ఒకసారి పైకి ఎగబాకింది. గొడ్డళ్ళ కొండ మీంచి దిగిన ఆ చెంబంత ఇనుము తన పని తను చేసింది. ముల్లు వెనక్కి వచ్చి, కుదురుగా నిలిచింది. అరుంధతి అప్పుడు గట్టిగా ఏడ్చింది. ఇంజన్ల మోతలో ఎవరికీ వినిపించలేదు గనక సిగ్గుపడలేదు.

సముద్రం మీద ఒక చుట్టు తిరిగి దిగారు. జనం ఈలలు వేశారు. పరంజ్యోతి మెడలో దండలు తనే వేయించుకుంటూ మైకు పట్టుకున్నాడు. జనం ముందు వరసలో కిటలపుట్టు ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. అరుంధతి పిలిపించిన అతిథులు వాళ్ళొక్కరే. సొంబరి లేచి, చుట్ట నోట్లోంచి తీసి, నేరుగా విమానం దగ్గరికి వచ్చింది. దాన్ని తోక నుంచి ముక్కు దాకా చూసింది. మెచ్చినట్టు కనపడలేదు.

"అంత దూరం ఎగిరెల్లినాది గదా ఇంజనమ్మా," అంది. "ఏటి తెచ్చినాది?"

అరుంధతి ముఖం తుడుచుకుంది. "ఏమీ తేలేదు సొంబరమ్మా. ఉత్తచేతులతోనే దిగింది."

"మరైతే?"

అరుంధతి పక్కకు తప్పుకుని, బకెట్టును కాలితో ఆమె ముందుకు జరిపింది.

సొంబరి రెండు చేతులతో బకెట్టు ఎత్తి, బాంబరు ముక్కు మీద, సరిగ్గా బొమ్మ మీద కొట్టింది. మైకులో పరంజ్యోతి గొంతు ఆగిపోయింది. కిటలపుట్టు ఆడవాళ్ళు చప్పట్లు కొట్టి పాట ఎత్తుకున్నారు. ఆ విమానాన్ని తెల్లవాళ్ళు వదిలేశారు, రొయ్యలవాడు కొన్నాడు, పేపర్లు పొగిడాయి. దాన్ని అడవికి వెళ్ళొచ్చిన మగాడిగా లెక్కగట్టి, తమవాడితో సమానంగా మర్యాద చేసింది మాత్రం వాళ్ళే. అరుంధతి పొట్ట పట్టుకుని నవ్వింది.

సాయంత్రం పేడ కడగడానికి నౌకర్లు నీళ్ళగొట్టం తెచ్చారు. ఆవిడ వాళ్ళను వెనక్కి పంపేసి, షెడ్డు తలుపులు వేసేసింది.